ముగ్గురు పెద్దమనుషులు, పద్నాలుగు కర్రలు

మల్కాజిగిరి, హైదరాబాద్
మే 26

బామ్మర్ది జయానందానికి,

మీ బావ సుధాకర్ వందనాలు. నువ్వు, ఎలిశిబా, పిల్లలు ప్రభువు దయవల్ల బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ, మీ అక్క లిల్లీ బాగున్నాం.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరమేమిటని నువ్వు నవ్వుతావు. నవ్వు. ఫోనులో మాట్లాడితే వంటింట్లో ఉన్న మీ అక్కకు వినిపిస్తుంది. కుక్కరు కూత పెడుతున్నా సరే, నేను గుసగుసగా చెప్పిన మాట ఆమె చెవిన పడకుండా పోయిన రోజు ఈ ఇరవై ఎనిమిదేళ్లలో లేదు. అందుకే ఈ కాగితాన్ని బ్యాగు పక్క జేబులో పెట్టి, బ్యాగును ఆర్టీసీ కార్గోలో నీ షాపుకు పంపిస్తున్నాను.

అది గోల్ఫ్ బ్యాగు. అవును, నేను గోల్ఫ్ ఆడుతున్నాను. ఏడాదిన్నర అయింది. షుగరు వచ్చిందని డాక్టరు రోజూ నడవమన్నాడు. పార్కు చుట్టూ గానుగెద్దులా ఎన్నాళ్లు తిరగను? మా మందుల కంపెనీకి వచ్చే ఆడిటరు ఒకాయన ఒకరోజు నన్ను గోల్ఫ్ మైదానానికి తీసుకుపోయి, చేతికి ఒక కర్ర ఇచ్చాడు. తొమ్మిది సార్లు గాలిని కొట్టాను. పదోసారి బంతి లేచింది. అది ఎక్కడ పడిందో నాకు తెలియదు గానీ, నేను మాత్రం ఆ రోజే పడిపోయాను. పెద్దపెద్దవాళ్లు ఆడే ఆట. నీకు చెప్పినా అర్థం కాదు.

సంగతి ఏమిటంటే, బ్యాగు జిప్పు పోయింది, భుజానికి వేసుకునే పట్టీ తెగింది. దుకాణంలో అడిగితే, "జిప్పు మార్చుడు ఉండదు సార్, కొత్తది తీసుకోండ్రి" అని పద్దెనిమిది వేల బ్యాగు ఒకటి చూపించాడు. ట్రాక్టర్లకు సీట్లు, ఆటోలకు టాపులు కుట్టేవాడివి. నీకు ఇదొక లెక్కలోది కాదు.

మీ అక్కతో మాత్రం అనకు, జవాబు కూడా మా ఆఫీసు చిరునామాకే రాయి. కంపెనీవాళ్లే ఖర్చు పెట్టుకుని నన్ను ఆడిస్తున్నారని ఆమె నమ్మకం. ఆ నమ్మకం నేనే కలిగించాను. కంపెనీ బ్యాగయితే కంపెనీయే బాగు చేయించాలి కదా అని అడిగిందంటే నేను దొరికిపోతాను.

నీ బావ,
సుధాకర్


మెదక్
జూన్ 9

గోల్ఫ్ క్రీడాకారులు, మా అక్క మొగుడు, సుధాకర్ బావగారి సముఖానికి,

బామ్మర్ది జయానందం ఒక చేత్తో నవ్వు ఆపుకుంటూ, ఇంకో చేత్తో రాసుకుంటున్న విన్నపం.

మీ బ్యాగు దిగిన రోజు మా షాపు ముందు చిన్నపాటి జాతర జరిగింది. పాపన్నపేట నుంచి ఎల్లం అని ఒకాయన ట్రాక్టరు సీటు కోసం వచ్చాడు. బ్యాగు చుట్టూ రెండుసార్లు తిరిగి, "గిదేందన్నా, గింత పొడుగు సంచి? లోపట తుపాకులున్నయా?" అన్నాడు.

"తుపాకులు కాదు, మా బావ ఆడే ఆట సామాను" అన్నాను.

"ఎన్ని కట్టెలున్నయి?"

"పద్నాలుగు."

"బంతులెన్ని?"

"ఆడేది ఒక్క బంతితోనే."

ఎల్లం వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "ఒక్క బంతికి పద్నాలుగు కట్టెలా! మేం నలభై బర్లను ఒక్క కట్టెతోని తోల్కస్తం కదనే!"

బావా, దీనికి మీ పెద్దపెద్దవాళ్లు ఏమంటారో అడిగి చెప్పండి.

జిప్పు మార్చాను. డేరాలకు వేసే జిప్పు అది. అది పాడవ్వాలంటే ముందు మీరు పాడవ్వాలి. పట్టీ లోపల ట్రాక్టరు సీటు స్పాంజి పెట్టాను, మీ సుకుమారమైన భుజానికి నొప్పి ఉండదు. బ్యాగు నాలుగు రోజులు ఎక్కువే నా దగ్గర ఉండిపోయింది. సరైన దారం దొరకలేదు.

కూలి వద్దు. క్రిస్మస్‌కు అక్క నూనెలో వేసే తీపి గులాబీ పువ్వుల్లో మీ వాటా నాకు రాసివ్వండి. షుగరు మనిషికి అవెందుకు?

ఒక్క మాట అడుగుతాను, కోపం వద్దు. కంపెనీ ఆడిస్తున్నదని అక్కకు చెప్పారు సరే, నిజంగా ఒకసారి ఆడితే ఎంతవుతుంది?

మీ బామ్మర్ది,
జయానందం


మల్కాజిగిరి
జూలై 13

జయా,

బ్యాగు అందింది. పట్టీ చూసి మా వాళ్లిద్దరూ నోళ్లు తెరిచారు. ఆ ఇద్దరెవరంటావా? అదే ఈ రోజు నీకు చెప్పదలుచుకున్నది.

ముందు నీ ప్రశ్నకు జవాబు. మామూలు రోజుల్లో మైదానం లోపలికి పోవడానికి పద్దెనిమిది వందలు. బ్యాగు మోసే క్యాడీకి ఏడు వందలు. నీళ్లలోనూ, పొదల్లోనూ పోగొట్టుకునే బంతులు వేరే. ఆదివారం అయితే రెట్టింపు. సభ్యత్వం తీసుకుంటే చవక అంటారు, ఆ సభ్యత్వానికేమో లక్షలు. అంటే ఈ ఆటను చవకగా ఆడాలంటే ముందు ధనవంతుడై ఉండాలి.

ఇక ఆ బ్యాగు నా ఒక్కడిది కాదు. రత్నాకర్ అని డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఆయన, గాబ్రియేలు అని రైల్వే గార్డు, నేను. ముగ్గురం కలిసి, అమెరికా పోతున్న ఒకాయన దగ్గర పాత సెట్టు కొన్నాం. నెలలో ఒక వారం నాది, ఒక వారం రత్నాకర్‌ది, ఒక వారం గాబ్రియేలుది. బ్యాగు ఆటోలో ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి తిరుగుతుంటుంది. నాలుగో వారం దానికి విశ్రాంతి, మా జేబులకు కూడా.

కానీ జయా, ఒక్క సెట్టు కొనుక్కున్న ముగ్గురం ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా కలిసి ఆడలేదు. మనిషికొక బ్యాగు ఉండాలి, ఒకరి సామాను ఒకరు పంచుకోకూడదని అక్కడ బోర్డు పెట్టారు. ఒక్కణ్నే పోతే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లతో కలిపి పంపిస్తారు. వాళ్లు దుబాయ్‌లో ఆడిన ఆట గురించి మాట్లాడుకుంటారు. నేను పోయిన బంతి కోసం పొదల్లో వెతుక్కుంటాను.

అందుకని ఒక ఆలోచన. దీనిలాంటివే ఇంకో రెండు బ్యాగులు నీ రెక్సిన్‌తో కుట్టగలవా? పద్నాలుగు కర్రలను మూడు బ్యాగుల్లో సర్దుకుంటాం. ఎవరు అడుగుతారు?

సుధాకర్


మెదక్
ఆగస్టు 4

మూడో వంతు గోల్ఫ్ క్రీడాకారులైన బావగారికి,

మీ ఉత్తరం ఎలిశిబాకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు నవ్వి, "మనింట్ల గ్రైండర్ గూడ గట్లనే మూడిండ్లు తిరుగుతది, గాని దానికి బోర్డు లేదు" అంది.

రెండు బ్యాగులూ కార్గోలో వస్తున్నాయి. ఒకటి నీలం, ఒకటి మెరూన్. మెరూన్‌ది అల్లాదుర్గ్ ఆసామి ఒకాయన కారు సీట్లకు కుట్టగా మిగిలింది కాబట్టి అందులో కొంచెం రాజసం ఉంటుంది. దాన్ని ఫిజిక్సు సారుకు ఇవ్వండి.

అయితే కుట్టాక ఒక సంగతి తట్టింది. పద్నాలుగును మూడు చేస్తే బ్యాగుకు నాలుగో, ఐదో వస్తాయి. అంత పెద్ద సంచిలో ఐదు కర్రలు వేస్తే పెళ్లిబస్సులో ఐదుగురే ఎక్కినట్టుంటుంది. అందుకని నా తెలివి కొంచెం వాడాను. పీవీసీ పైపులు కోసి, పైన ఎల్బో బిగించి, వాటికి రెక్సిన్ తొడుగులు కుట్టాను. తొడుగు తీయనంతవరకు మీ స్టిక్కులకూ వీటికీ తేడా దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. పాతదానికీ కలిపి బ్యాగుకు ఐదు చొప్పున పెట్టాను.

మీరు ముగ్గురూ కలిసి ఆడిన రోజు ఎవరు గెలిచారో రాయండి. ఎల్లం పందెం కాస్తానంటున్నాడు, మీ మీద కాదు.

జయానందం


మల్కాజిగిరి
ఆగస్టు 31

జయానందానికి,

బ్యాగులు అందాయి. కుట్టుపని బాగుంది. ఇక్కడ వర్షాలు ఎక్కువ. ఆఫీసులో స్టాకు తనిఖీ నడుస్తోంది, తీరిక లేదు. ఎలిశిబాను అడిగానని చెప్పు.

సుధాకర్


మెదక్
అక్టోబరు 6

బావగారికి,

మీ ఉత్తరాన్ని ఆరుసార్లు చదివాను. చదవడానికి ఎక్కువ సమయం పట్టలేదు. కరెంటు ఆఫీసు నోటీసులో కూడా దానికంటే రెండు మాటలు ఎక్కువుంటాయి.

ఎవరు గెలిచారు? రత్నాకర్ సారు గెలిచాడని అలిగారా? ఓడిపోయింది మీరేనని నాకు ముందే తెలుసు, మొహమాటం లేకుండా రాయండి. ఇక్కడ మంజీర నిండుగా పారుతోంది. ఏడుపాయల వైపు జనం బాగా పోతున్నారు. షాపులో గిరాకీ బాగుంది. మీ మెరూన్ బ్యాగు ఫొటో చూసి చేగుంట నుంచి ఒకాయన అలాంటిదే చేపల గాలాలు పెట్టుకోవడానికి కుట్టమన్నాడు. గోల్ఫ్ బ్యాగు ధర చెప్పాను. దండం పెట్టి పోయాడు.

నేను ఇన్ని మాటలు అన్నా మీరు ఒక్క మాట తిరిగి అనకపోతే నాకు రోజు గడవడం లేదు బావా. ఒంట్లో బాగుందా?

జయానందం


మెదక్
నవంబరు 17

బావా,

ఈసారి వేళాకోళం లేదు.

నిన్న గాబ్రియేలు గారు మెదక్ వచ్చారు. వాళ్ల అక్క కూతురి పెళ్లి. పెళ్లి ముగిశాక నా షాపు వెతుక్కుంటూ రాందాస్ చౌరస్తా దాకా నడిచి వచ్చారు. "బ్యాగులు కుట్టింది మీరేనా?" అని కూర్చుని, టీ తాగుతూ మొత్తం చెప్పారు.

మీరు ముగ్గురూ ఆ రోజు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని పోయారట. లోపలికి పంపే ముందు రిజిస్టరు రాసే పెద్దాయన స్వామి, "మంచిగున్నయి సార్ తొడుగులు, ఎక్కడ కొన్నరు?" అని ముచ్చటపడి ఒకటి పట్టుకుని చూస్తే అది ఊడి చేతికి వచ్చిందట. కింద తెల్లగా పీవీసీ పైపు. వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారట. ఒకాయన ఫోనులో ఫొటో తీశాడట. అక్కడి మేనేజరు వచ్చి, "ఇదేం ఆటబొమ్మల కొట్టు కాదు" అని డబ్బులు తిరిగి ఇచ్చి పంపించాడట.

"కోపం జేసి పైసలు ఉంచుకున్నా మంచిగుండు. వాపస్ ఇచ్చిండ్రు చూడుండ్రి, గదే గుచ్చుకున్నది" అన్నారు గాబ్రియేలు గారు. ఆయన ఇప్పుడు నవ్వుతూనే చెబుతున్నారు. "నేను, రత్నాకర్ నాలుగు దినాలకు నవ్వుకున్నం. సుధాకర్ నవ్వుతలేడు. మూడు నెలల సంది ఆటకు వస్తలేడు. పొద్దుగాల నడకకు గూడ పోతలేడు. ఫోన్ జేస్తే పని ఉన్నదంటడు."

బావా, ఆ పైపులు నా తెలివి. మీరు అడిగింది బ్యాగులే. నేను నవ్వుకోవడానికి చేసిన పని మిమ్మల్ని నలుగురిలో నవ్వులపాలు చేసింది. చిన్నప్పుడు నాన్న పోయాక నా ఫీజు కట్టి, ఈ కుట్టుమిషను మొదటి కిస్తీ కట్టి, నన్ను ఒక్కరోజూ చిన్నబుచ్చని మనిషిని నేను చిన్నబుచ్చాను. క్షమించండి.

ఇంకో తప్పు కూడా ఇప్పుడే ఒప్పుకుంటాను. జూన్‌లో దారం దొరకలేదని రాశాను. దారం దొరికింది. ఆ నాలుగు రోజులూ సాయంత్రం నేనూ, ఎల్లమూ మీ ఏడో నంబరు కర్ర పట్టుకుని పాపన్నపేట దగ్గర కోసిన పొలంలోకి పోయాం. ఒక బంతి మంజీరలో పడింది. ఒకటి ఎల్లం ట్రాక్టరు మడ్‌గార్డుకు తగిలింది. ఆ కర్ర మీద ఉన్న గీత నాదే, రాయి తగిలి పడింది. మీరు ఆ ఆటలో ఎందుకు పడ్డారో నాకు అప్పుడే తెలిసింది. తెలిసీ మిమ్మల్ని ఆటపట్టించాను.

మీ తమ్ముడిలాంటి
జయ


మల్కాజిగిరి
నవంబరు 30

జయా,

నీ ఉత్తరం ఆఫీసు బల్ల సొరుగులో పెట్టుకుని వారం రోజులు తీసి చూస్తూ ఉన్నాను, నిన్ననే పాతవాటితో కలిపి బ్యాగు జేబులో దాచాను. ముందుగా ఒకటి. ఆ ఏడో నంబరు గీత రత్నాకర్ పని అనుకుని నేను అతనితో మూడు నెలలు సరిగా మాట్లాడలేదు. అతను రెండుసార్లు ప్రమాణం చేశాడు. ఇప్పుడు నేను ఆ ఫిజిక్సు సారు ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

రెండోది. పైపులు నువ్వు పంపావు, నిజమే. వాటిని బ్యాగులోంచి తీసేయడానికి నాకు చేతులు లేవా? చూసి ముచ్చటపడింది నేనే. అద్దం ముందు ఆ బ్యాగు భుజాన వేసుకుని నిలబడింది కూడా నేనే. నీ తప్పు లేదు.

గాబ్రియేలు నీకు చెప్పనిది ఒకటుంది, అతనికి తెలియదు కాబట్టి. ఆ రోజు మా వెనక వరుసలో నిలబడి ఉన్నది మా కంపెనీ జనరల్ మేనేజరు. నేను చూశాను, ఆయనా నన్ను చూశాడు. మర్నాడు ఆఫీసులో ఏమీ అనలేదు. లిఫ్టులో ఎదురైతే చిన్నగా నవ్వాడు. అప్పటినుంచి నేను మెట్లెక్కి పోతున్నాను. డాక్టరు చెప్పిన వ్యాయామం అదొక్కటే నడుస్తోంది.

ఆ నవ్వు నన్ను ఎందుకంత కాల్చిందో చాలా రోజులు ఆలోచించాను. నా దగ్గర డబ్బు లేదని ఆయనకు తెలియదా? నా జీతం మీద సంతకం పెట్టేదే ఆయన. లేదని తెలియడం కాదు జయా, ఉన్నట్టు నటించానని తెలిసింది. మీ అక్క దగ్గర నటించాను. నీ దగ్గర "పెద్దపెద్దవాళ్ల ఆట" అని రాసి నటించాను. చివరికి పైపుకు తొడుగు వేసి నటించాను.

నా వాటా రత్నాకర్, గాబ్రియేలు తీసుకుంటామంటే ఇచ్చేస్తాను. లిల్లీకి చెప్పి మానేద్దామనుకుంటాను, నోరు పెగలదు. నా గురించి బెంగ పెట్టుకోకు.

సుధాకర్


మల్కాజిగిరి
డిసెంబరు 12

తమ్ముడు జయకు,

అక్క లిల్లీ రాస్తున్నది. ఒళ్లు దగ్గర పెట్టుకుని చదువు.

క్రిస్మస్‌కు ఇల్లు దులుపుతూ మంచం కింద బ్యాగు బయటికి లాగాను. పక్క జేబులో నీ ఉత్తరాలు. "సముఖానికి" అట, "విన్నపం" అట! నా మొగుడు, నా తమ్ముడు కలిసి నాకు తెలియకుండా ఏడు నెలలు నడిపిన రహస్యం గోల్ఫ్ బ్యాగు!

కంపెనీ ఆడిస్తున్నదని నేను నమ్మాననుకున్నారా? దీపావళికి స్వీటు డబ్బా ఇవ్వడానికే సంతకం పెట్టించుకునే కంపెనీ అది. ఆయన ఏదో సరదాపడుతున్నాడు, అడిగితే చిన్నబోతాడని ఊరుకున్నాను. కానీ ఆగస్టు నుంచి మనిషి మారిపోయాడు. అన్నం ముందు కూర్చుని గోడ చూస్తాడు. ఉద్యోగం పోయి దాచిపెడుతున్నాడనుకున్నాను. రక్తపరీక్షల్లో ఏదో వచ్చిందేమోనని ఆయన ఫైలు తీసి వెతికాను. మూడు నెలలు నేను మోకాళ్ల మీద ఏమని ప్రార్థన చేశానో నీకు తెలియదు. నీ ఉత్తరాలు చదివాక ముందు ప్రభువుకు స్తోత్రం చెప్పాను. తర్వాత మీ ఇద్దర్నీ తిట్టాను, గట్టిగా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు.

మర్నాడు బస్సెక్కి ఆ గోల్ఫ్ మైదానానికి పోయాను. ముప్పై ఏళ్లు స్కూలు ఆఫీసులో ఫైళ్లు చూసినదాన్ని, బోర్డును చూసి భయపడతానా? ఆ స్వామి పెద్దాయన బల్ల దగ్గరే ఉన్నాడు. మీ బావ పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"అమ్మా, సారు మంచోడు. ఆ దినం నేను గా తొడుగు ముట్టకుంటే అయిపోవు. మూడు నెలల సంది నా పాణం గదే గుంజుతుంది" అన్నాడు.

"నువ్వు జేసిందేం లేదు. జర నాకు రూలు చూపించు" అన్నాను.

మేనేజరు పుస్తకం తెచ్చాడు. చదివాను. మనిషికొక బ్యాగు ఉండాలి, నిజమే. కానీ బ్యాగులో పద్నాలుగు కర్రలు ఉండాలని ఎక్కడా లేదు. తక్కువలో తక్కువ ఏడు ఉంటే చాలు. మామూలు రోజుల్లో క్యాడీని పెట్టుకోవాలన్న నిర్బంధం లేదు, వెంట వచ్చిన మనిషే మోయవచ్చు. మంగళవారం మధ్యాహ్నం కొత్తగా నేర్చుకునేవాళ్లకు బంతి వేసే పద్దెనిమిది గుంటల్లో చివరి మూడింటిని వదిలిపెడతారు, మనిషికి మూడు వందలు, అక్కడి కర్రలే ఇస్తారు. "ఈ సంగతులు ఎవ్వరికీ చెప్పరా?" అని అడిగాను. "ఎవ్వరూ అడగలేదు మేడమ్" అన్నాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. చదువుకున్న ముగ్గురు మగవాళ్లు ఏడాదిన్నర ఒక్క మాట అడగలేక పైపులకు బట్టలు తొడిగారు!

ఆ రాత్రి రూలు కాగితం జిరాక్సు ఆయన కంచం పక్కన పెట్టాను. చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది.

"నువ్వు ఆడికి పోయినవా?"

"పోయిన. నీ లెక్క కాదు, పేరు రాసి సంతకం వెట్టి పోయిన."

"నామోషీ అనిపించింది లిల్లీ. ఎట్ల జెప్పాలె?"

"బయటోళ్ల ముందర నామోషీ అయితే ఇంటికొచ్చి నాకు చెప్పుకోవాలె. నాకే చెప్పకుంటే ఇంకెవరికి చెప్తవ్?"

ఆయన కంచం దగ్గరికి లాక్కున్నాడు. కాసేపటికి పెరుగు వేయమన్నాడు. ఇన్ని నెలల తర్వాత పెరుగన్నం దాకా తిన్నాడు.

నెలకు ఒకసారి, నాతో చెప్పి, వెలుగులో ఆడమన్నాను. నీ మీద కోపం ఇంకా పోలేదు. గులాబీ పువ్వులు మాత్రం పంపుతున్నాను, అవి ఎలిశిబాకూ పిల్లలకూ.

అక్క,
లిల్లీ


మెదక్
డిసెంబరు 20

అక్కకూ బావకూ కలిపి,

గులాబీ పువ్వుల డబ్బా అందింది. డబ్బా మీద "జయానందం ముట్టరాదు" అని రాసిన కాగితం కూడా అందింది. ఎలిశిబా ఆ రూలు తు.చ. తప్పకుండా అమలు చేస్తోంది.

పీవీసీ పైపులన్నీ వెనక్కి పంపండి, మిద్దె మీద చిక్కుడు పందిరికి పనికొస్తాయి. బావా, మీ ఏడు కర్రల బ్యాగుకు పెద్ద సంచి అక్కర్లేదు. చిన్నగా, తేలిగ్గా ఇంకోటి కుడుతున్నాను. లోపల ఏ మోసమూ లేదు.

ఆ మంగళవారం మూడు గుంటల సంగతి అక్క ఎందుకు రాసిందో నాకు అర్థం కాలేదు. నాకెందుకు ఆ పెద్దపెద్దవాళ్ల ఆట? అయినా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మంగళవారం మా షాపు బంద్.

జయానందం


మల్కాజిగిరి
జనవరి 24

జయా,

నిన్న ముగ్గురం కలిసి పోయాం.

ఒక్క చిక్కు వచ్చింది. బంతిని గుంటలోకి నెట్టే పొట్టి కర్ర సెట్టులో ఒకటే ఉంటుంది. రత్నాకర్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో తిరిగి తిరిగి ఇంకోటి తెచ్చాడు, బేరమాడితే నాలుగు వందలు. అలా రెండు బ్యాగులు అయ్యాయి, ఒకదాంట్లో ఏడు, ఇంకోదాంట్లో ఎనిమిది. ఇద్దరు ఆడాలి, మూడోవాడు మోయాలి. అలా చేస్తే క్యాడీ ఖర్చు లేదు, మూడోవాడికి టికెట్టూ లేదు. ఎవరు మోయాలని చీటీలు వేద్దామన్నారు. నేనే మోస్తానన్నాను. రత్నాకర్‌కు మూడు నెలల అలక బాకీ ఉన్నాను కదా. గీత సంగతి చెప్పి క్షమాపణ అడిగితే, "మీ బామ్మర్దిని ఒకసారి నా క్లాసుకు పంపుండ్రి, రాయికీ ఇనుముకూ ఏమయితదో చెప్త" అన్నాడు.

స్వామి మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచాడు. బ్యాగులు ఆయన ముందు పెట్టి, "లెక్క పెట్టు పెద్దయ్యా" అన్నాను. ఆయన చెయ్యి వేయలేదు. "మీరే చెప్పుండ్రి సార్" అన్నాడు. "ఏడు, ఎనిమిది" అన్నాను. రాసుకున్నాడు.

అప్పుడే మా జనరల్ మేనేజరు తన వాళ్లతో వచ్చాడు. రెండు బ్యాగులు రెండు భుజాలకు వేసుకుని నేను దారికి అడ్డంగా నిలబడి ఉన్నాను. ఇక్కడ లిఫ్టు లేదు, మెట్లు లేవు.

"ఏం సుధాకర్, ఇయ్యాల మోస్తున్నవా?" అన్నాడు.

పక్కకు తప్పుకుందామనిపించింది. అయినా చెప్పాను. "అవును సార్. ముగ్గురికి ఒక్కటే సెట్టు. వంతులు వెట్టుకున్నం. వచ్చే నెల నా వంతు."

"ఓహో" అన్నాడు. చేతికున్న తొడుగు సరిచేసుకుంటూ తన బంతి దగ్గరికి పోయాడు.

అంతే జయా. ఐదు నెలలు నేను తప్పించుకు తిరిగిన మనిషి దగ్గర ఉన్నది ఆ ఒక్క "ఓహో" మాత్రమే. నాకు నవ్వొచ్చింది. గాబ్రియేలు నన్ను చూసి నవ్వాడు, ఎందుకో తెలియకుండానే రత్నాకర్ నవ్వాడు. ఆ నవ్వులో రత్నాకర్ మొదటి బంతిని నేరుగా చెట్టుకు కొట్టాడు. పద్దెనిమిది గుంటలు నడిచాం. దుబాయ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. గాబ్రియేలు కూతురి పరీక్షలు, రత్నాకర్ మోకాలి నొప్పి, కందిపప్పు ధర, ఇవే. ఆడింది వాళ్లిద్దరే, గెలిచిందెవరో లెక్క రాయడం మరిచిపోయాం. ఇంటికొచ్చి షుగరు చూసుకుంటే చాలా నెలల తర్వాత మంచి అంకె కనిపించింది. లిల్లీ దాన్ని క్యాలెండరు మీద రాసిపెట్టింది.

ఇక నీ సంగతి. మీ షాపు మంగళవారం బంద్ అన్న వార్త మా ఇంట్లో అందరికీ చేరింది. వచ్చే మంగళవారం మూడు గుంటలకు నీ పేరు రాయించాను. డబ్బు లిల్లీ ఇచ్చింది, తమ్ముడి మీద కోపం పోయిందని మాత్రం ఒప్పుకోవడం లేదు. నువ్వు కొత్తవాడివి కాబట్టి అక్కడి కర్రలే ఇస్తారు, వాటి మీద గీత పడకుండా చూసుకో. నీ బ్యాగు నేను మోస్తాను. బావ చేత బరువు మోయించానని ఊరంతా చెప్పుకుంటావని తెలుసు. చెప్పుకో, ఎల్లానికి ముందు చెప్పు.

పొద్దున్నే మొదటి బస్సుకు రా. అక్కడ చెప్పులతో ఆడనివ్వరు, నా బూట్లు వేసుకో. నీకు ఒక సైజు పెద్దవుతాయి, రెండు జతల సాక్సులు తెచ్చుకో. మోసేవాడికి చెప్పులు చాలట, స్వామిని అడిగాను.

నీ బావ,
సుధాకర్